ఆన్‌లైన్ వాణిజ్యంలో చివరి మజిలీ: బట్వాడా సమస్యలు, ప్రత్యామ్నాయ మార్గాలు

ప్రత్యేక వ్యాసం

దేశంలో ఆన్‌లైన్ చిల్లర వ్యాపారం వేళ్లూనుకొని రెండు దశాబ్దాలు కావస్తున్నది. 2007లో బెంగళూరులో పుస్తకాల విక్రయంతో ప్రారంభమైన ఫ్లిప్‌కార్ట్ సంస్థకు తొలి ఆర్డరు ఏ మహానగరం నుంచో కాక, నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్ నుంచి రావడం గమనార్హం. ఇంటి నుంచే సరుకు కొనాలన్న కోరిక నగరవాసులకే పరిమితం కాదని ఆ ఒక్క ఆర్డరే తెలిపింది. అయితే ఆర్డరు తీసుకోవడానికి క్షణాలు చాలినా, దానిని కొనుగోలుదారు గడప వరకు చేర్చడం నేటికీ ఈ వ్యాపారంలో అత్యంత క్లిష్టమైన అంకంగానే మిగిలింది.

పెద్ద సంస్థలు తమ సొంత గోదాములు, వాహనాలు, సిబ్బందితో ఈ సమస్యను చాలావరకు అధిగమించాయి. చేనేత కార్మికులు, బొమ్మల తయారీదారులు, పచ్చళ్లు, మిఠాయిలు తయారుచేసే మహిళా సంఘాలు, చిన్న ప్రచురణకర్తలు మాత్రం ప్రతి పార్సెల్‌కూ లెక్క చూసుకోవలసిన స్థితిలో ఉన్నారు. సరుకు నాణ్యత, ధర ఎంత ముఖ్యమో, పంపిన పార్సెల్ మొదటి ప్రయత్నంలోనే చేరడం వీరికి అంతే ముఖ్యం. చేరని పార్సెల్ ఖర్చు చేరిన పార్సెళ్ల లాభాన్ని హరిస్తుంది. ఈ నేపథ్యంలో బట్వాడాలో ఎదురవుతున్న ప్రధాన సమస్యలను, చిన్న విక్రేతలకు అందుబాటులో ఉన్న మార్గాలను ఈ వ్యాసం పరిశీలిస్తున్నది.

చిరునామాయే తొలి అవరోధం

1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన ఆరంకెల పిన్‌కోడ్ పార్సెల్‌ను సరైన పోస్టాఫీసుకు చేర్చగలదు. ఇందులో మొదటి అంకె ప్రాంతాన్ని, మొదటి మూడంకెలు కలిసి సార్టింగ్ జిల్లాను, చివరి మూడంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసును సూచిస్తాయి. తెలుగు రాష్ట్రాల పిన్‌కోడ్‌లు 50 నుంచి 53 వరకు గల అంకెలతో ప్రారంభమవుతాయి. అయితే ఒకే పిన్‌కోడ్ పరిధిలో గ్రామీణ ప్రాంతాల్లో అనేక పల్లెలు, పట్టణాల్లో అనేక కాలనీలు ఉంటాయి. కొత్తపల్లి, రామాపురం వంటి పేర్లు గల గ్రామాలు పలు జిల్లాల్లో ఉన్నాయి. నగరాల్లో గీతలతో, బట్టాలతో కూడిన ఇంటి నెంబర్లు ఇళ్లు కట్టిన క్రమంలో చేరుతూ వచ్చినందున, పక్కపక్క ఇళ్లకు వరుస నెంబర్లు ఉంటాయన్న భరోసా లేదు. పాత నెంబరు, కొత్త నెంబరు రెండూ వాడుకలో ఉన్న వీధులు కూడా ఉన్నాయి.

అందువల్లనే మన చిరునామాలు గుడి వెనుక, నీళ్ల ట్యాంకు ఎదురుగా, పాత సినిమా హాలు పక్క సందు అనే కొండగుర్తులతో నిండి ఉంటాయి. ఊరిలోని ప్రతి ఇంటినీ ఎరిగిన పోస్ట్‌మ్యాన్‌కు ఇవి చాలును. నెలకో ప్రాంతం మారే కొరియర్ ఉద్యోగికి చాలవు. అతడు ఫోన్‌పై ఆధారపడతాడు. కొనుగోలుదారు ఆ సమయానికి ఫోన్ ఎత్తకపోతే పార్సెల్ గోదాముకు తిరుగుముఖం పడుతుంది. మరుసటి రోజు మరో ప్రయత్నం, మరో ఖర్చు తప్పవు.

ఈ లోపాన్ని సరిదిద్దే దిశగా తపాలా శాఖ 2025 మేలో డిజిపిన్ విధానాన్ని ప్రవేశపెట్టింది. హైదరాబాద్ ఐఐటీ, ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రాల సహకారంతో దీనిని రూపొందించారు. దేశ భూభాగాన్ని సుమారు నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల గడులుగా విభజించి, ప్రతి గడికీ అక్షరాలు, అంకెలు కలిసిన పది స్థానాల సంకేతాన్ని కేటాయించారు. ఇది పిన్‌కోడ్‌కు ప్రత్యామ్నాయం కాదు, దానికి అనుబంధం. ఈ సంకేతంలో వ్యక్తిగత వివరాలేవీ ఉండవు. వీధి పేరు, ఇంటి నెంబరు లేని తండాలు, శివారు కాలనీలు, పొలాల్లోని ఇళ్లకు ఇది ప్రత్యేకించి ఉపయోగకరం. అయితే కొనుగోలుదారులు దీనిని తమ చిరునామాలో రాయడం, విక్రేతల వెబ్‌సైట్లు దానికొక గడి కేటాయించడం, కొరియర్ సంస్థలు తమ పరికరాల్లో స్వీకరించడం అనే మూడూ జరిగినప్పుడే దీని ప్రయోజనం నెరవేరుతుంది.

నగదు చెల్లింపు, తిరుగు పార్సెళ్ల భారం

సరుకు చేతికి అందిన తరువాత డబ్బు చెల్లించే పద్ధతి భారతీయులకు కొత్త కాదు. తపాలా శాఖ వి.పి.పి. పద్ధతిని 19వ శతాబ్దంలోనే ప్రవేశపెట్టింది. తెలుగు ప్రచురణకర్తలు దశాబ్దాల పాటు ఈ పద్ధతిలోనే పాఠకులకు పుస్తకాలు పంపారు. పాఠకుడు డబ్బు కట్టి విడిపించుకోని వి.పి.పి. తిరిగి వస్తే నష్టపోయేది ప్రచురణకర్తే. 2010లో ఫ్లిప్‌కార్ట్ ప్రవేశపెట్టిన క్యాష్ ఆన్ డెలివరీ పద్ధతి ఆన్‌లైన్ కొనుగోళ్ల పట్ల ప్రజల్లో నమ్మకం పెంచింది. దానితో పాటే వి.పి.పి. నాటి పాత చిక్కును కూడా మరింత పెద్ద పరిమాణంలో తెచ్చిపెట్టింది.

ఈ చిక్కును ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒక విక్రేత 500 రూపాయల వస్తువుపై, బట్వాడా ఖర్చు కాక, 100 రూపాయలు మిగుల్చుకుంటున్నాడని అనుకుందాం. పంపడానికి 60 రూపాయలు, తిరిగి రావడానికి మరో 60 రూపాయలు ఖర్చవుతాయి. పది పార్సెళ్లూ చేరితే అతనికి 1,000 రూపాయలలో బట్వాడా ఖర్చు 600 పోను 400 రూపాయల లాభం మిగులుతుంది. రెండు పార్సెళ్లు తిరిగి వస్తే ఎనిమిదింటిపై వచ్చిన 800 రూపాయల నుంచి పంపిన ఖర్చు 600, తిరుగు ఖర్చు 120 తీసివేయగా మిగిలేది 80 రూపాయలు మాత్రమే. మూడు తిరిగి వస్తే 80 రూపాయల నష్టం. తిరిగి వచ్చిన సరుకు నలగకుండా, పగలకుండా ఉన్నదన్న భావనతో వేసిన లెక్క ఇది. సరుకు పాడైతే నష్టం ఇంకా ఎక్కువ.

ఇదే లెక్క ఒక పరిష్కారాన్ని కూడా సూచిస్తున్నది. ముందుగా చెల్లించే కొనుగోలుదారులకు 20 రూపాయలు తగ్గించి ఇచ్చి, పది పార్సెళ్లూ చేరేలా చూసుకోగలిగితే ఆ విక్రేతకు 200 రూపాయలు మిగులుతాయి. రెండు పార్సెళ్లు తిరిగి వచ్చినప్పటి 80 రూపాయలతో పోలిస్తే ఇది మెరుగు. 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైన యూపీఐ విధానం ముందస్తు చెల్లింపును గ్రామీణులకు కూడా సులభతరం చేసింది. ముందుగా చెల్లించడానికి సంకోచించే వారికి, పార్సెల్ గుమ్మం ముందుకు వచ్చినప్పుడు యూపీఐ ద్వారా చెల్లించే వీలు కల్పించవచ్చు. దీనివల్ల చిల్లర సమస్య, నగదు మోసుకు తిరిగే ప్రమాదం తగ్గుతాయి. వద్దని తిప్పి పంపే అవకాశం మాత్రం అలాగే ఉంటుంది. కనుక పంపడానికి ముందు ఫోన్ ద్వారా ఆర్డరును ధ్రువీకరించుకోవడం, కొంత మొత్తం బయానాగా తీసుకోవడం చిన్న విక్రేతలకు శ్రేయస్కరం.

నగదు పద్ధతిలో మరో ఇబ్బంది కూడా ఉంది. కొనుగోలుదారు చెల్లించిన సొమ్మును కొరియర్ సంస్థలు వెంటనే కాక, కొన్ని రోజుల తరువాత విక్రేత ఖాతాలో జమచేస్తాయి. నూలు, రంగులు, ముడిసరుకు అప్పుగా తెచ్చుకునే వారికి ఈ జాప్యం వడ్డీ రూపంలో భారమవుతుంది.

బరువు కన్నా పెట్టె పెద్దదైతే

కొరియర్ ఛార్జీలు తూకంపైనే ఆధారపడవు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5,000తో భాగించగా వచ్చిన సంఖ్యను పరిమాణపు బరువుగా పరిగణిస్తారు. అసలు బరువు, పరిమాణపు బరువులలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ వసూలు చేస్తారు.

2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులను ఉదాహరణగా తీసుకోవచ్చు. 400 గ్రాముల పూతరేకులను 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు గల పెట్టెలో పంపితే పరిమాణపు బరువు 1.2 కిలోలవుతుంది. అరకిలో చొప్పున లెక్కించే చోట 1.5 కిలోల ఛార్జీ పడుతుంది. అదే సరుకు 25, 15, 6 సెంటీమీటర్ల పెట్టెలో ఇమిడితే పరిమాణపు బరువు 450 గ్రాములకు తగ్గి, అరకిలో ఛార్జీతో సరిపోతుంది. అయితే నలిగితే పొడి అయ్యే పూతరేకులకు, తెల్లపొణికి చెక్కతో చేసే తేలికపాటి కొండపల్లి బొమ్మలకు రక్షణగా కొంత ఖాళీ, మెత్త అవసరం. వస్తువుకు తగిన పెట్టెను రెండు మూడు కొలతల్లో ముందే తయారు చేయించుకోవడం వల్ల ఖర్చు, నష్టం రెండూ తగ్గుతాయి.

ఆహార పదార్థాల విషయంలో కాలపరిమితి కూడా ముఖ్యమే. బట్వాడా సమయానికి సరుకు వాడకపు గడువులో కనీసం 30 శాతం గానీ, 45 రోజులు గానీ మిగిలి ఉండాలని ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2024 నవంబరులో ఆన్‌లైన్ సంస్థలకు సూచించింది. కనుక తక్కువ కాలం నిల్వ ఉండే మిఠాయిలు తయారు చేసేవారు దూర ప్రాంతాల ఆర్డర్లు స్వీకరించేముందు ప్రయాణ కాలాన్ని లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

రాష్ట్ర సరిహద్దు, పన్ను నిబంధనలు

2017 జూలై 1న వస్తుసేవల పన్ను అమలులోకి రావడంతో రాష్ట్రానికో తీరుగా ఉన్న ప్రవేశ పన్నుల చిక్కు తొలగింది. 50,000 రూపాయలకు మించిన సరుకు రవాణాకు ఈ-వే బిల్లు విధానం 2018 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. రాష్ట్రాంతర్గత రవాణాకు దీనిని తొలి దశలో అమలు చేసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. విడి పార్సెళ్లలో అధిక భాగం ఈ పరిమితి లోపే ఉంటాయి కనుక చిన్న విక్రేతలకు దీనితో పెద్దగా పని ఉండదు.

వారికి అసలు అడ్డంకి మరొకటి. పన్ను నమోదు లేని చిన్న విక్రేతలు కూడా ఆన్‌లైన్ వేదికల ద్వారా సరుకు అమ్ముకునేందుకు 2023 అక్టోబరు 1 నుంచి వీలు కల్పించారు. నమోదు అవసరం లేని టర్నోవరు పరిమితికి లోబడి, పోర్టల్‌లో ఒక ఎన్‌రోల్‌మెంట్ సంఖ్య పొందితే సరిపోతుంది. అయితే ఈ సదుపాయం సొంత రాష్ట్రంలోని అమ్మకాలకే వర్తిస్తుంది. దీని ప్రకారం నమోదు లేని విజయవాడ విక్రేత ఆన్‌లైన్ వేదిక ద్వారా విశాఖపట్నానికి సరుకు పంపవచ్చు గానీ, అంతకన్నా చేరువలో ఉన్న హైదరాబాద్‌కు పంపరాదు. రెండు తెలుగు రాష్ట్రాలనూ ఒకే విపణిగా భావించే చిన్న వ్యాపారులకు ఈ అంశంపై అవగాహన అవసరం. ఇతర రాష్ట్రాలకు వేదికల ద్వారా అమ్మదలచినవారు నమోదు చేసుకోవలసిందే. నమోదైన వారి అమ్మకాలపై వేదికలు మూలంలో వసూలు చేసే పన్ను 2024 జూలై 10 నుంచి ఒక శాతం నుంచి అర శాతానికి తగ్గింది.

అందుబాటులో ఉన్న మార్గాలు

చిన్న విక్రేతల ముందు ప్రస్తుతం ప్రధానంగా అయిదు మార్గాలు ఉన్నాయి.

మొదటిది, పెద్ద ఆన్‌లైన్ వేదికల గోదాముల్లో సరుకు నిల్వ ఉంచడం. ప్యాకింగ్, బట్వాడా, తిరుగు పార్సెళ్ల పని అంతా వేదికే చూసుకుంటుంది. సరుకు త్వరగా చేరుతుంది. అయితే నిల్వ ఛార్జీలు, కమీషన్లు చెల్లించాలి. గోదాము వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడ కూడా పన్ను నమోదు అవసరం. నిలకడగా అమ్ముడయ్యే సరుకుకే ఇది అనువైనది.

రెండవది, కొరియర్ సంస్థలు, పలు కొరియర్లను ఒకే చోట చూపే మధ్యవర్తి సంస్థలు. పిన్‌కోడ్ వారీగా ధర, కాలవ్యవధి పోల్చి చూసుకునే వీలు ఇందులో ఉంది. నష్టపరిహారం, తిరుగు ఛార్జీలు, నగదు జమ గడువు అనే మూడు షరతులను ఒప్పందానికి ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

మూడవది తపాలా శాఖ. దేశంలోని దాదాపు 1.65 లక్షల పోస్టాఫీసుల్లో 90 శాతం గ్రామాల్లోనే ఉన్నాయి. ప్రైవేటు కొరియర్లు వెళ్లని, వెళ్లినా అదనపు ఛార్జీ వేసే మారుమూల పల్లెలకు గ్రామీణ డాక్ సేవకులే పార్సెళ్లు చేరుస్తున్నారు. 1986 ఆగస్టు 1న ప్రారంభమైన స్పీడ్ పోస్టులో 2025లో రిజిస్టర్డ్ పోస్టును విలీనం చేసి, ఓటీపీ చెప్పిన వారికే పార్సెల్ అందించే అదనపు సదుపాయాన్ని ప్రవేశపెట్టారు. పుస్తకాల కోసం 2025 మే 1న ప్రారంభమైన జ్ఞాన్ పోస్ట్ కింద పన్నులు కాక 300 గ్రాముల వరకు 20 రూపాయలు, గరిష్ఠంగా అయిదు కిలోలకు 100 రూపాయల ఛార్జీ నిర్ణయించారు. వి.పి.పి.తో పెరిగిన తెలుగు పుస్తక వ్యాపారానికి ఇది ఊతమివ్వగలదు. విదేశాల్లోని తెలుగువారికి సరుకు పంపదలచిన వారికి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల్లో కస్టమ్స్ పత్రాల పని పోస్టాఫీసులోనే పూర్తవుతుంది.

నాలుగవది, ఊరిలోనే లేదా నగరం పరిధిలోనే సొంత సిబ్బందితో బట్వాడా చేయడం. కిరాణా, కూరగాయలు, వండిన ఆహారం వంటి వాటికి ఇది సరిపోతుంది. దీనికి అనుబంధంగా, నమ్మకమైన కిరాణా దుకాణాన్ని పార్సెళ్ల అందుబాటు కేంద్రంగా ఏర్పాటు చేసుకోవచ్చు. పగలంతా పొలం పనులకు, ఉద్యోగాలకు వెళ్లే కుటుంబాలు సాయంత్రం అక్కడి నుంచి పార్సెల్ తీసుకుంటాయి. ఇంటింటికీ తిరిగే ఖర్చు, తాళం వేసిన ఇంటి నుంచి వెనుదిరిగే ఖర్చు రెండూ తప్పుతాయి.

అయిదవది, ఓఎన్‌డీసీ వ్యవస్థ. కేంద్ర ప్రభుత్వ పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం చొరవతో 2021 డిసెంబరులో ఏర్పడిన ఈ సంస్థ, 2022 ఏప్రిల్‌లో అయిదు నగరాల్లో ప్రయోగాత్మకంగా కార్యకలాపాలు ప్రారంభించింది. కొనుగోలుదారు యాప్, విక్రేత యాప్, బట్వాడా సంస్థ వేర్వేరుగా ఉండి ఒకే వ్యవస్థలో కలిసి పనిచేయడం దీని ప్రత్యేకత. విక్రేత ఒకే వేదిక గోదాముకు, ఒకే బట్వాడా సంస్థకు కట్టుబడి ఉండనవసరం లేదు. అయితే సరుకు చేరనప్పుడు ఎవరు బాధ్యులన్నది ముగ్గురి మధ్య స్పష్టంగా ఉంటేనే కొనుగోలుదారుకు నమ్మకం కలుగుతుంది.

బట్వాడా సిబ్బంది సంక్షేమం

పార్సెల్ ఏ మార్గంలో పంపినా చివరకు దానిని గడప వద్దకు చేర్చేది ఒక మనిషే. వేగం కోసం జరిగే పోటీ భారం ఎండలో, వానలో, ట్రాఫిక్‌లో తిరిగే అతనిపైనే పడుతున్నది. చేరని పార్సెల్ విక్రేతకు నష్టమైనట్లే, పార్సెల్‌కింత అని కూలి పొందే అతనికీ పెట్రోలు నష్టమే. సామాజిక భద్రతా స్మృతి, 2020 గిగ్, ప్లాట్‌ఫాం కార్మికులను తొలిసారిగా చట్టంలో నిర్వచించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన ఈ స్మృతి ప్రకారం సంస్థలు తమ వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం వరకు, కార్మికులకు చెల్లించే మొత్తంలో అయిదు శాతానికి మించకుండా, సామాజిక భద్రతా నిధికి జమచేయాలి. ఈ కార్మికుల కోసం రాజస్థాన్ 2023లో దేశంలోనే తొలిసారిగా ప్రత్యేక చట్టం చేసింది. తెలంగాణ ప్రభుత్వం అదే ఏడాది డిసెంబరులో వారికి 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది.

కొనుగోలుదారుల హక్కులు

వినియోగదారుల పరిరక్షణ ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం బట్వాడా, వాపసు, మార్పిడి, సొమ్ము తిరిగి చెల్లింపు షరతులను కొనుగోలుకు ముందే తెలియజేయాలి. ఫిర్యాదు అందిన 48 గంటల్లోగా అందినట్లు తెలిపి, నెల రోజుల్లోగా పరిష్కరించాలి. మొదట తక్కువ ధర చూపి, చెల్లింపు దశలో బట్వాడా ఛార్జీలు ఒక్కొక్కటిగా కలిపే ధోరణి 2023 నవంబరులో జారీ అయిన మార్గదర్శకాల ప్రకారం అనుచితమైన వ్యాపార పద్ధతి. ఫిర్యాదులకు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నెంబరు 1915ను సంప్రదించవచ్చు.

ముందున్న కర్తవ్యం

వేగం ఒక్కటే బట్వాడాకు కొలమానం కారాదని పై అంశాలు స్పష్టం చేస్తున్నాయి. నగరంలో నిమిషాల్లో సరుకు అందడం కొందరికి సౌకర్యం. పల్లె నుంచి పంపిన పార్సెల్ నాలుగు రోజులకైనా సరిగ్గా చేరి, వెనక్కి రాకుండా ఉండడం వేలాది చిన్న విక్రేతలకు జీవనాధారం. ఇందుకు అవసరమైన పనులు భారీ పెట్టుబడులతో కూడినవి కావు. గ్రామ పంచాయతీలు, పురపాలక సంఘాలు ఇంటి నెంబర్లను క్రమబద్ధం చేయడం, పన్ను రసీదులపై డిజిపిన్ ముద్రించడం, చేనేత, హస్తకళల సమూహాలు ఉన్న చోట నిర్ణీత వేళల్లో పార్సెళ్లు సేకరించేలా తపాలా శాఖతో జిల్లా యంత్రాంగాలు సమన్వయం చేసుకోవడం, ప్యాకింగ్‌లోనూ పన్ను నిబంధనల్లోనూ మహిళా సంఘాలకు శిక్షణ ఇవ్వడం వంటివి స్థానికంగా చేపట్టదగిన చర్యలే. పదింట మూడు తిరిగి వస్తే నష్టం, పదీ చేరితే లాభం అనే లెక్కలో ఇటువంటి ప్రతి చర్యా ఒక్కో పార్సెల్‌ను వెనక్కి రాకుండా ఆపగలదు.